రిజిస్టరొచ్చిందండీ

గుంటూరు జిల్లా పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడి కొత్త బండ్ల పూజలకు పేరు. ట్రాక్టరో, కారో, మోటారు సైకిలో కొన్నవాళ్లు దాన్ని తిన్నగా ఇక్కడికి తెచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు అద్దానికి పసుపు బొట్లు పెట్టించుకుని గానీ హైవే ఎక్కరు. ఈమధ్య ఆ కొనుగోలంతా ఫోన్లోనే అయిపోతోంది. బండి ఎంచుకోవడం ఫోన్లో, అప్పుకు ఒప్పుదల ఓటీపీతో, మొదటి వాయిదా ఫోన్లో, ఆఖరికి పూజారి గారి దక్షిణ కూడా క్యూఆర్ కోడ్ మీదే. అంతా సవ్యంగా సాగితే ఆ బండి కథలోకి తపాలా అడుగు పెట్టనే పెట్టదు. మిరపకాయ ధర పడిపోయి నాలుగు వాయిదాలు తప్పిన నాడు మాత్రం వాకిట్లో ఒక టీవీఎస్ ఆగుతుంది. "రిజిస్టరొచ్చిందండీ" అని కేక వినిపిస్తుంది. సంతకం పెట్టాలా, లేదని చెప్పించాలా అని ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

తపాలా భవిష్యత్తు మీద మన పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఎక్కువగా ఉత్తరం మీద కన్నీళ్లతో మొదలై ఎర్రడబ్బా ఫొటోతో ముగుస్తాయి. ఆ కన్నీళ్లలో నాకూ వాటా ఉంది. అయితే ఉత్తరం పోవడం వేరు, తపాలా పోవడం వేరు. ఉత్తరం పోయింది, దాన్నెవరూ చంపలేదు, అవసరం తీరి పోయింది. తపాలా అలా కాదు. అది చేసే పనుల్లో కొన్ని ఫోన్‌కి చేతకానివి. ఆ పనులను ఎవరు చేయాలి, ఎంతకు చేయాలి, ఖర్చెవరు పెట్టుకోవాలి అన్నదే అసలు ప్రశ్న. గత రెండు మూడేళ్లలో ఢిల్లీలో జరిగిన నిర్ణయాలన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగినవే. మనవాళ్ల దృష్టి మాత్రం ఎర్రడబ్బా దగ్గరే ఆగిపోయింది.

ముందు పోయిన దాని లెక్క చూసేద్దాం. మన దేశంలో పోస్టుకార్డు 1879లో వచ్చింది, వెల కాణీ. ఇన్‌లాండ్ లెటరు 1950లో. ఇవాళ కార్డు యాభై పైసలు, ఇన్‌లాండు రెండున్నర, కవరు ఐదు రూపాయలు. కార్డును మోసుకెళ్లడానికి శాఖకయ్యే ఖర్చు ఆ యాభై పైసలకు ఎన్నో రెట్లు. తెలుగువాళ్ల తపాలా చరిత్ర ఇంకా పాతది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి, దారి పొడుగునా చూసింది చూసినట్టు మద్రాసులో ఉన్న మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాశాడు. మన తొలి యాత్రాగ్రంథం అలా ఉత్తరాల మూటగా పుట్టింది. నిజాం రాజ్యానికైతే 1869 నుంచీ సొంత తపాలా బిళ్లలుండేవి. దేవరకొండ బాలగంగాధర తిలక్ తపాలా బంట్రోతు మీద ఏకంగా కవితే రాశాడు. ఇంకే సర్కారు ఉద్యోగికీ మన కవిత్వంలో అంత మర్యాద దక్కినట్టు నాకు గుర్తు లేదు.

మా చిన్నప్పుడు ఉత్తరం రూపాన్ని బట్టే సంగతి తెలిసిపోయేది. నాలుగు మూలలా పసుపు పూసి, అంటించకుండా మడత లోపలికి దోపి, బుక్ పోస్టు అని రాసి తక్కువ బిళ్లతో పంపితే శుభలేఖ. చావు కబురు మోసుకొచ్చిన కార్డు గుమ్మం దాటి లోపలికి వచ్చేది కాదు, చదివి బయటే చింపేసేవాళ్లు. తంతి అంటే ఎవరో ఒకరి ప్రాణం మీదికొచ్చినట్టే. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గొంతు మన ఊరి పేరు చదువుతుందేమోనని కార్డు మీద కార్డు రాసేవాళ్లం. 2013 జూలైలో తంతి ఆగిపోయింది. మనియార్డరు కాగితం పోయి తెర మీది మనియార్డరయింది. మిగతావి ఎవరూ ప్రకటించకుండానే ఆగిపోయాయి. "ఇక్కడ మేమంతా క్షేమం" అని మొదలెట్టే వాక్యం మా ఇంట్లో చివరిసారి ఎప్పుడు రాశారో చెప్పగలవాళ్లు లేరు.

దీన్ని చివరిదాకా తీసుకెళ్లిన దేశం డెన్మార్కు. అక్కడ ప్రభుత్వ తపాలా 1624లో మొదలైంది. 2000లో నూట నలభై కోట్లున్న ఉత్తరాలు 2024కి పదకొండు కోట్లకు దిగాయి. పోస్ట్‌నార్డ్ సంస్థ 2025 డిసెంబరు 30తో ఉత్తరాల బట్వాడా మానేసి, వీధుల్లోని పదిహేను వందల ఎర్రడబ్బాలను పీకేసింది. ఉత్తరం రాయాలనుకున్నవాడు ఇక ఒక ప్రైవేటు సంస్థను ఆశ్రయించాలి. ఇంగ్లండులో రాయల్ మెయిల్ అంతకు కొన్ని నెలల ముందే ఒక చెక్ దేశపు కోటీశ్వరుడి చేతికి వెళ్లింది, రెండో తరగతి ఉత్తరాల బట్వాడా రోజు విడిచి రోజుకు మారింది. అమెరికాలో ఫస్ట్ క్లాస్ ఉత్తరాలు 2001లో పదివేల కోట్లు దాటితే ఇప్పుడు అందులో సగానికి తక్కువ.

డెన్మార్కును చూపించి "మనమూ అంతే" అనేవాళ్లున్నారు. అక్కడ ప్రభుత్వం నుంచి పౌరుడికి వెళ్లే కాగితాలన్నీ డిజిటల్ పెట్టెలోకే వెళ్లాలని 2014 నాటికే చట్టం చేసుకున్నారు. ఆ పెట్టె తెరవగలవాళ్లు దేశమంతటా ఉన్నారు, తెరవలేని ముసలివాళ్లకు మినహాయింపు ఇచ్చారు. మన రాష్ట్రంలో 2025 జనవరిలో 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు మొదలయ్యాయి. మంచి పని. కరెంటు బిల్లుకీ ధ్రువపత్రానికీ అది చాలు. కానీ పొలంలో మిరపకాయలు కోసే మనిషి చేతిలోని చిన్న ఫోన్‌కు వాట్సాప్ ఉండదు, ఉన్నా అది కొడుకు చేతిలో గుంటూరులో ఉంటుంది. పైగా ఫోన్‌కు వచ్చిన కబురును నమ్మకూడదని మనకు మనమే నేర్పుకుంటున్న కాలమిది. 'మీ పార్సిల్ గోదాముకు చేరింది, అడ్రసు సరిగా లేదు, ఈ లింకు నొక్కండి' అంటూ ఇండియా పోస్టు పేరుతోనే దొంగ మెసేజీలు దేశమంతా తిరిగాయి. డిజిటల్ అరెస్టు అని బెదిరించి పెద్ద చదువులు చదివినవాళ్ల దగ్గరే లక్షలు గుంజుతున్నారు. పోలీసునని చెప్పుకునే గొంతును ఎవడైనా తెచ్చుకోగలడు. మన ఊరి పోస్టుమాన్ మొహాన్ని మాత్రం తెచ్చుకోలేడు.

ఇక్కడే రిజిస్టరు, అంటే రిజిస్టర్డ్ పోస్టు, సంగతి వస్తుంది. ఈ వ్యాసంలో నేను ఎక్కువసేపు నిలబడదలచుకున్నది దీని దగ్గరే.

పల్లెల్లో రిజిస్టరంటే భయం. వచ్చేది బ్యాంకు నోటీసో, కోర్టు నోటీసో, అన్నదమ్ముల పంపకాల దావానో. కాబట్టి పోస్టుమాన్ కేక వినగానే పెరటి దారిన పొలానికి వెళ్లిపోయే మగవాళ్లు, "ఆయన ఊళ్లో లేరండీ" అని చెప్పే ఆడవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఆ కవరు మీద పోస్టుమాన్ రాసే రెండు మూడు మాటల్లో చాలా బరువుంది. 'ఇల్లు తాళం' అంటే ఒకటి, 'చిరునామాదారు లేరు' అంటే మరొకటి, 'తిరస్కరించారు' అంటే ఇంకొకటి. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, సరైన చిరునామా రాసి, రుసుము కట్టి రిజిస్టరు చేసిన ఉత్తరం మామూలుగా చేరవలసిన వేళకు చేరినట్టే లెక్క. చేరలేదని నిరూపించుకోవలసిన బాధ్యత అవతలివాడిది. తీసుకోను పొమ్మన్నా అందినట్టే. గుంటూరు మిర్చి యార్డు చుట్టూ నడిచే అప్పూ సప్పూ వ్యవహారంలో ఈ సూత్రం ఎంత పని చేస్తుందో వకీళ్లనడగండి. చెక్కు తిరిగొస్తే ముప్పై రోజుల్లో నోటీసివ్వాలి, నోటీసు అందాక పదిహేను రోజుల్లో డబ్బు కట్టకపోతే కేసు. ఆ 'అందడం' అన్నదానికి సాక్ష్యం కావాలి. వందేళ్లకు పైగా ఆ సాక్ష్యం ఇచ్చింది ఖాకీ చొక్కా వేసుకున్న ఒక చిరుద్యోగి చేతిరాత.

ఇందులో పెద్దవాడికెంత లాభమో చిన్నవాడికీ అంతే ఉంది. కాయలు తీసుకుని డబ్బు ఇవ్వని వ్యాపారికి నోటీసు ఇవ్వాలంటే రైతుకు పాతిక రూపాయలు చాలేవి. హక్కు పత్రంలో పేరు తప్పు పడితే తహసీల్దారుకు రిజిస్టర్లో అర్జీ పెట్టి, రసీదు ఇనప్పెట్టెలో దాచుకునేవాడు. ఆఫీసులో "మీ అర్జీ మాకు రాలేదు" అంటే చూపించడానికి ఆ చిన్న చీటీ ఒక్కటే ఆధారం. సమాచార హక్కు దరఖాస్తులు ఎక్కువభాగం నడిచిందీ ఆ చీటీ మీదే.

2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు అన్న వేరే సేవ లేదు. దాన్ని 1986లో పుట్టిన స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ వార్త రాగానే వాట్సాప్‌లో ఎర్రడబ్బాలు తీసేస్తున్నారని పుకారు లేచింది, ప్రభుత్వం కాదని చెప్పవలసి వచ్చింది. డబ్బాలకేమీ కాలేదు. అయింది మరొకటి, అది పుకారు కాదు కాబట్టి దాన్ని ఎవరూ ఫార్వర్డు చేయలేదు. అక్టోబరు 1 నుంచి స్పీడ్ పోస్టు ధరలు మారాయి. యాభై గ్రాముల లోపు కవరుకు ఊళ్లో అయితే 19 రూపాయలు, ఊరు దాటితే 47. చేతికే ఇవ్వాలి, ఇంట్లో ఇంకెవరికీ ఇవ్వకూడదు అనుకుంటే రిజిస్ట్రేషన్ కోసం మరో ఐదు. దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ. గుంటూరు నుంచి హైదరాబాదుకు ఒక నోటీసు పంపాలంటే అంతకు ముందు పాతిక రూపాయల చుట్టుపక్కల అయ్యేది, ఇప్పుడు 61 దాటింది.

త్వరగా వెళ్తుంది కదా, ఎక్కడుందో ఫోన్లో చూసుకోవచ్చు కదా, ఓటీపీ అడిగి ఇస్తారు కదా అని శాఖ వాదన. ఒప్పుకుంటాను. రెండు సేవలు పక్కపక్కనే నడపడం వృథా అన్నదీ నిజమే. కానీ అర్జీ పెట్టుకునేవాడికి కావలసింది వేగం కాదు. మూడు రోజులు ఆలస్యమైనా అతనికి నష్టం లేదు, ఇచ్చినట్టు రుజువు ఉండాలి. వేగం అక్కర్లేనివాడి చేత వేగానికి డబ్బు కట్టించడం ఈ కలయికలో ఉన్న అసలు లోపం. బస్సులో వెళ్లేవాడికి పల్లెవెలుగు తీసేసి, సూపర్ లగ్జరీ బాగుంటుంది ఎక్కండి అన్నట్టుంది.

కోర్టులు కూడా ఈ విషయంలో ఫోన్‌ని పూర్తిగా నమ్మడం లేదు. 2024 జూలై 1న అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సమన్లను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపడానికి దారి తెరిచింది. అయినా 35వ సెక్షన్ కింద పోలీసులిచ్చే హాజరు నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది, జూలైలో ఒక రాష్ట్రం మార్చమని అడిగినా మార్చలేదు. మనిషి స్వేచ్ఛతో ముడిపడిన కాగితం చేతికి అందాలి అన్నది ఆ మాట సారం. వాట్సాప్‌లో రెండు నీలి గీతలు పడ్డంత మాత్రాన చదివింది ఆ మనిషేనని ఎవరు సాక్ష్యం చెబుతారు?

చట్టం మారిన సంగతి కూడా చెప్పాలి. 1898 నాటి తపాలా చట్టం ఉత్తరాలు మోసే హక్కును కేంద్ర ప్రభుత్వానికి మాత్రమే ఇచ్చింది. కొరియర్ కంపెనీలు ఎనభైల నుంచి తాము మోసేవి ఉత్తరాలు కావు, 'డాక్యుమెంట్లు' అంటూ నెట్టుకొచ్చాయి. 2024 జూన్ 18న అమల్లోకొచ్చిన కొత్త తపాలా చట్టంలో ఆ గుత్తహక్కు లేదు. బిళ్లలు ముద్రించే హక్కు ఒక్కటే మిగిలింది. సేవలో తేడా వస్తే శాఖకు బాధ్యత లేదన్న పాత కవచాన్ని మాత్రం కొత్త చట్టమూ దాదాపు అలాగే ఉంచింది. పోటీలోకి దిగమంటున్నప్పుడు పోటీదారుకుండే జవాబుదారీ కూడా ఉండాలి. గుత్తహక్కు వదులుకుని, కవచం మాత్రం విప్పనంటే కుదరదు.

పుస్తకాల గోడు నా సొంతం కనుక కాస్త చెప్పుకుంటాను. ఒక చిన్న సాహిత్య మాసపత్రికకు చందా కట్టి మూడు నెలలు ఎదురు చూశాను. సంపాదకుడు పంపానంటాడు, ఇక్కడేమో రాలేదంటారు. మామూలు పోస్టుకు రసీదు ఉండదు కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేను. నాలుగో నెల మూడు సంచికలూ ఒకే కట్టగా వచ్చాయి. నవ్వుకుని ఊరుకున్నాను. తెలుగులో చిన్న పత్రికలన్నీ బతుకుతున్నది పత్రికలకిచ్చే తపాలా రాయితీ మీదే. అది పోతే వాటిలో సగం పీడీఎఫ్‌లు అవుతాయి, మిగతా సగం జ్ఞాపకాలు అవుతాయి.

పుస్తకాలకు 2024 డిసెంబరులో దెబ్బ తగిలింది. రిజిస్టర్డ్ బుక్ పోస్టు అన్న చవక సేవ 18వ తేదీన కంప్యూటర్ తెర మీద కనిపించకుండా పోయింది. కౌంటర్లో ఉన్నవాళ్లకే ఆ సంగతి అప్పుడు తెలిసిందని అప్పటి వార్తలు. ఐదు కిలోల పుస్తకాలు ఎనభై రూపాయలకు దేశంలో ఏ మూలకైనా వెళ్లేవి. హైదరాబాదులో ప్రచురణ సంస్థ నుంచి ఇక్కడి గ్రంథాలయానికో, నాగార్జున విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే పిల్లవాడికో పుస్తకం చేరేది ఆ ధర వల్లే. గొడవ జరిగాక 2025 మే 1న 'జ్ఞాన్ పోస్ట్' తెచ్చారు, మూడు వందల గ్రాములకు ఇరవై, ఐదు కిలోలకు వంద, పైన పన్ను. ఇది నయమే. అడిగితే ఇచ్చారు అన్నది ఇందులో గుర్తుంచుకోవలసిన సంగతి. రిజిస్టరు గురించి ఎవరూ అంత గట్టిగా అడగలేదు.

ఉత్తరం పోయిన చోటికి పార్సిల్ వచ్చిందని ప్రపంచమంతా అనుకుంటోంది. మనకు అది కొత్త కాదు. వీపీపీ, అంటే సరుకు అందాక డబ్బు కట్టే తపాలా పద్ధతి, 1877 నుంచీ ఉంది. వారపత్రికల వెనక అట్టల మీద 'వీపీపీ ద్వారా పంపబడును' అన్న మాట చూసి లేహ్యాలు, జాతక పుస్తకాలు తెప్పించుకున్న తరానికి ఇవాళ మీషోలో చీర తెప్పించుకుని గుమ్మం దగ్గర డబ్బిచ్చే పద్ధతి వింతగా ఉండదు. అప్పుడు పోస్టుమాన్ తెచ్చేవాడు, ఇప్పుడు నల్ల సంచి వీపున వేసుకున్న కుర్రాడు తెస్తున్నాడు. విజయవాడ, గుంటూరు మధ్య హైవే మీదున్న పెదకాకానికి ఆ కుర్రాళ్లు రోజుకు నాలుగుసార్లు వస్తారు. హైవే వదిలి లోపలికి, పత్తి చేల మధ్య నలభై గడప ఉన్న ఊళ్లకు వెళ్లడానికి వాళ్లకు గిట్టదు. 'మీ పిన్‌కోడ్‌కు డెలివరీ లేదు' అని యాప్ చెప్పేస్తుంది. తపాలా శాఖకు ఆ మాట చెప్పే వీలు లేదు. లాభమున్న వీధులు అందరూ పంచుకుని, లాభం లేని ఊళ్లు ఒక్కరికే వదిలేస్తే ఆ ఒక్కరి లెక్కల్లో నష్టం తప్ప ఏం కనిపిస్తుంది?

అమెరికా సంగతి కూడా ఈ జిల్లాకు ఇంటి సంగతే. గోంగూర పచ్చడి, ఆవకాయ, కారప్పొడి డల్లాస్‌కూ న్యూజెర్సీకీ వెళ్లని సంక్రాంతి ఉండదు. 2025 ఆగస్టు నెలాఖరున అమెరికా ఎనిమిది వందల డాలర్లలోపు సరుకుకిచ్చే సుంకం మినహాయింపును ఎత్తేసింది. సుంకం ఎవరు వసూలు చేయాలో తేలక ఇండియా పోస్టు 25వ తేదీ నుంచి అక్కడికి దాదాపు అన్నీ ఆపేసింది. అక్టోబరు 15న తిరిగి మొదలెట్టింది, సుంకం ఇక్కడే కౌంటర్లో ముందుగా కట్టే పద్ధతిలో. ఆ ఏడు వారాలు పచ్చళ్లు ప్రైవేటు కొరియర్ల దారి పట్టాయి. డబ్బున్న ఇంటికి అది పెద్ద విషయం కాదు. పిల్లవాణ్ని అప్పు చేసి ఎమ్మెస్‌కు పంపిన ఇంటికి కిలో పచ్చడి పంపే ఖర్చూ ఖర్చే.

ఇక మనిషి సంగతి. దేశంలో లక్షా అరవై నాలుగు వేలకు పైగా పోస్టాఫీసులున్నాయి, పదింట తొమ్మిది పల్లెల్లోనే. స్వతంత్రం వచ్చేనాటికి ఇరవై మూడు వేల చిల్లర. వీటిని నడిపేది గ్రామీణ డాక్ సేవకులు, రెండున్నర లక్షల మంది. పదో తరగతి మార్కులు చూసి తీసుకుంటారు. బ్రాంచి పోస్టుమాస్టరైతే ఆఫీసుకు చోటు కూడా తానే చూపించుకోవాలి. చాలా ఊళ్లలో ఆయన ఇంటి వసారాయే పోస్టాఫీసు. రోజుకు నాలుగైదు గంటల పనికి 2018 సవరణలో మొదలు జీతం పది, పన్నెండు వేలు. శాఖలో రెగ్యులర్ ఉద్యోగులకుండే పింఛను వీళ్లకు లేదు. ఆ చేతులతోనే ఉత్తరం, పొదుపు ఖాతా, గ్రామీణ తపాలా బీమా, సుకన్య సమృద్ధి, 2018 సెప్టెంబరు నుంచి పేమెంట్స్ బ్యాంకు. ఏటీఎం లేని ఊళ్లో వేలిముద్ర తీసుకుని రెండు వేలిచ్చేదీ, పింఛనుదారు బతికే ఉన్నాడని ఇంటికొచ్చి డిజిటల్ పత్రం చేసిచ్చేదీ ఆయనే. 2025 ఆగస్టులో కొత్త సాఫ్ట్‌వేర్ దేశమంతా ఎక్కించినప్పుడు మొదటి రోజుల్లో సర్వర్లు మొరాయిస్తే జనం తిట్టింది ఢిల్లీని కాదు, కౌంటర్లో ఉన్న మనిషిని.

మన రాష్ట్రం చేసిన ఒక పని ఇక్కడ పోల్చి చూడాలి. 2019లో యాభై ఇళ్లకు ఒకరు చొప్పున రెండున్నర లక్షలకు పైగా వాలంటీర్లను పెట్టి, పింఛన్లు గుమ్మం దగ్గర ఇప్పించారు. 2024లో ఆ వ్యవస్థ ఆగి, సచివాలయ ఉద్యోగులు ఒకటో తారీఖున ఇంటింటికీ తిరుగుతున్నారు. ఏ ప్రభుత్వం చేసింది మంచిదన్న తగవు మనకు ఇక్కడ వద్దు. లెక్క చూడండి: ఒక్క ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీర్లు ఎంతమందో, దేశం మొత్తంలో డాక్ సేవకులు దాదాపు అంతమంది. గుమ్మం దాకా వచ్చే మనిషి కావాలని, ఫోన్ ఒక్కటే సరిపోదని, రెండు పార్టీలూ డబ్బు పెట్టి మరీ ఒప్పుకున్నాయి. ఉపాధి హామీ కూలి ఈ రాష్ట్రంలో మొదట పోస్టాఫీసు ఖాతాల్లోనే పడేది. ఉన్న మనిషిని వదిలి కొత్త మనిషిని వెతుక్కోవడం మనకు అలవాటు.

చిరునామా విషయంలోనూ ఇదే తంతు. 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడ్ ఇప్పటికీ తపాలా వాళ్లు ఈ దేశానికిచ్చిన అన్నింటికన్నా గట్టి వస్తువు. 2022 ఏప్రిల్‌లో గుంటూరు జిల్లా మూడు ముక్కలై నరసరావుపేట పల్నాడు జిల్లాకూ బాపట్ల అదే పేరున్న జిల్లాకూ వెళ్లిపోయాయి, 522 మాత్రం మూడింటికీ అలాగే ఉంది. పెదకాకాని 522509, పక్కన నంబూరు 522508, విశ్వవిద్యాలయం 522510. కలెక్టరాఫీసు మారినా కవరు దారి తప్పలేదు. ఇప్పుడు ఐఐటీ హైదరాబాదు, ఇస్రో వారి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం చేయి కలిపి తయారుచేసిన డిజిపిన్ వచ్చింది. దేశాన్ని నాలుగు మీటర్ల గళ్లుగా కోసి ప్రతి గడికీ పది అక్షరాల గుర్తు పెడతారు. అంబులెన్సుకూ పార్సిల్ కుర్రాడికీ ఇది వరమే. చేను మధ్యలో ఉన్న పాకకు కూడా అడ్రసు వస్తుంది. ఆ గడి దాకా నడిచి వెళ్లే మనిషి ఉంటేనే దానికి అర్థం.

నా తీర్పు ఇది. మామూలు ఉత్తరాన్ని బతికించే ప్రయత్నం వద్దు, అది వృథా ఖర్చు. పార్సిల్ కోసం శాఖ ప్రైవేటు వాళ్లతో పోటీ పడనివ్వండి, హైవే పక్కన గెలిచినా ఓడినా పెద్ద ప్రమాదం లేదు. కానీ లాభం రాని ఊళ్లకు వెళ్లడం, రుజువుతో చేతికివ్వడం, పుస్తకాన్నీ పత్రికనూ చవకగా మోయడం అనే మూడు పనులను వ్యాపారం ఖాతాలో రాయకూడదు. వాటికయ్యే ఖర్చును ప్రభుత్వం బడ్జెట్లో వేరే పద్దుగా చూపించి తానే కట్టాలి. అప్పుడు శాఖ నష్టమెంతో, మనం కొనుక్కుంటున్న సేవ ఎంతో విడివిడిగా కనిపిస్తాయి. నెమ్మదిగా వెళ్లినా సరే, చేతికే ఇచ్చి సంతకం తెచ్చే చవక రిజిస్టరు ఒకటి తిరిగి రావాలి. డాక్ సేవకుడికి పింఛను లేకుండా ఈ పనులన్నీ చేయించుకోవడం ఎంతో కాలం సాగదు.

పెదకాకాని పొన్నూరు అసెంబ్లీ నియోజకవర్గంలో ఉంది, పొన్నూరు గుంటూరు లోక్‌సభ కిందికి వస్తుంది. 2024లో గుంటూరు నుంచి గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్ గారు కేంద్రంలో కమ్యూనికేషన్ల సహాయమంత్రి, తపాలా ఆ శాఖలోదే. పుస్తకాల విషయంలో పాఠకులు గొడవ పెట్టుకుంటే ఐదు నెలల్లో జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. రిజిస్టరు కోసం మనమూ అడుగుదాం. కార్డు ఇంకా యాభై పైసలే.